సున్నం కింద అక్షరాలు

కంబదూరు పోయే దోవలో ఒక మలుపు ఉంది. ఊరి పేరు చెప్పను. చెప్పినా ఆ చుట్టుపక్కల పుట్టినవారికి తప్ప తెలియదు. ఆ మలుపులో వేపచెట్టు కింద నడుమెత్తు రాతిపలక ఒకటి నిలబడి ఉండేది. పైన వంపు తిరిగి, నిలువెల్లా సున్నం పూసుకొని, మధ్యలో కుంకుమ బొట్లతో ఉండేది. ఎండాకాలం సెలవుల్లో మా అవ్వ వాళ్ళ ఊరికి వెళ్ళి తిరిగివచ్చేటప్పుడు, బస్సు కోసం ఆ చెట్టు కిందే కాచుకునేవాళ్ళం. నేను ఆ రాతికి వీపు ఆన్చి కూర్చుంటే అవ్వ తొడ మీద ఒకటి చరిచి "ఈరన్నకు ఆనుకుంటావేమిరా, లెయ్యి" అనేది. ఈరన్న ఎవరని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. బస్సు వచ్చేది, ఎక్కేవాళ్ళం.

చాలా ఏళ్ళ తర్వాత ఆ దోవన మళ్ళీ వెళ్ళాను. రోడ్డు వెడల్పు చేశారు. వేపచెట్టు లేదు, రాయి లేదు. పక్కనే టీకొట్టు నడుపుతున్న ఆయనను అడిగితే కాసేపు ఆలోచించి, "పాత రాళ్ళన్నీ మోరీ కిందకి ఏసుకున్న్యారు సామీ. అందులో అదీ పొయిందేమో. లేకుంటే ఎవరన్నా ఎత్తుకొనిపోయి వాళ్ళ చేనుకాడ నిలబెట్టుకున్న్యారేమో" అన్నాడు. మోరీ దగ్గరికి పోయి వంగి చూశాను. సిమెంటు తప్ప ఏమీ కనిపించలేదు.

నాకు చరిత్ర మీద ఆసక్తి కలిగింది ఆ రాతికి వీపు ఆన్చిన రోజులకు ఎంతో తర్వాత. ఆసక్తి కలిగాకైనా ఆ రాయి గుర్తుకు రాకపోవడం నా తప్పే. ఒక్క ఫోటో లేదు. సున్నం కింద అక్షరాలుండేవా, ఉత్త బొమ్మలేనా అన్నది కూడా నాకు తెలియదు. ఈ వ్యాసం ఆ బాకీలో కొంత.

అమెరికాలో రోడ్ల మీద కారులో తిరిగినవారికి అక్కడి చారిత్రక ఫలకాలు పరిచయమే. వర్జీనియా రాష్ట్రంలో 1927లోనే ఈ పని మొదలుపెట్టారు. మోటారు కార్లలో తిరిగేవారి కోసం, రహదారి పక్కన ఇనుప కంబం నాటి, దాని మీద తెల్లటి పలక బిగించి, నల్లటి అక్షరాలతో నాలుగు వాక్యాలు వ్రాసేవారు: ఇక్కడ ఫలానా యుద్ధం జరిగింది, ఇక్కడ ఫలానా ఆయన పుట్టాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు అసూయ కలిగింది. రెండు వందల ఏళ్ళ నాటి సంగతికి ఇంత మర్యాదా అనిపించింది. మనకు ఇటువంటివి ఎందుకు లేవు అని బాధపడ్డాను కూడా. మనకూ ఉన్నాయని, వెయ్యేళ్ళ ముందే ఉన్నాయని, అందులో ఒకదానికి ఆనుకొనే నేను బస్సు కోసం ఎదురుచూశానని తెలిసేసరికి, ఆ ఒక్కటి కాస్తా పోయింది.

ఆ రాయి వీరగల్లు. ఆకారాన్ని బట్టి అంతవరకు చెప్పగలను. వీరగల్లును చదవడం కష్టమేమీ కాదు. అక్షరాలు రానివారి కోసమే చెక్కినట్లుంటుంది. కింది నుంచి పైకి చదవాలి. అట్టడుగు అంతరంలో యుద్ధం. విల్లో కత్తో పట్టుకొన్న మనిషి, ఎదురుగా శత్రువులు, ఒక్కొక్కసారి వెనుక వరుసగా ఆవులు. మధ్య అంతరంలో అదే మనిషిని ఇద్దరు అప్సరసలు చెరొక పక్కన పట్టుకొని పైకి తీసుకుపోతుంటారు. పై అంతరంలో అతడు శివలింగం ముందు చేతులు జోడించి కూర్చొని ఉంటాడు. జైనుడైతే లింగం ఉన్నచోట జినుడుంటాడు. అన్నిటికీ పైన సూర్యచంద్రులు. అవి ఉన్నంతకాలం ఈ పేరు ఉండాలని దాని అర్థం. భర్తతో సహగమనం చేసిన స్త్రీకి నిలిపిన మాస్తికల్లు వేరే ఉంటుంది. దాని మీద ఒక కంబం, ఆ కంబం నుంచి ముందుకు చాచి పైకెత్తిన గాజుల చెయ్యి. సల్లేఖన వ్రతంతో ప్రాణం విడిచిన జైనులకు నిసిది రాళ్ళు. ఈ మూడు రకాలనూ గుర్తుపట్టడం నేర్చుకొంటే రాయలసీమ పడమటి అంచున ఏ ఊరి పొలిమేరలోనైనా నిలబడి కొంత చరిత్ర చదువుకోవచ్చు.

మనవాళ్ళు వీరుడంటే రాజు కోసం చచ్చినవాడనే అనుకుంటారు. ఈ రాళ్ళ మీది కారణాలు అంత ఘనమైనవి కావు. ఈ ప్రాంతపు పాత కన్నడ శాసనాల్లో మూడు మాటలు తరచుగా వస్తాయి. తుఱుగోళ్ అంటే పశువుల మందను తోలుకుపోవడం, ఊరళివు అంటే ఊరిని నాశనం చేయడం, పెణ్బుయ్యల్ అంటే ఆడవారికి ఆపద రావడం. అంటే తెల్లవారుజామున ఎవరో వచ్చి ఊరి ఆవులను తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయిన మనిషి. అతడు గొల్లవాడు కావచ్చు, తలారి కావచ్చు. అతని పేరు రాజుల వంశావళిలో ఎక్కడా ఉండదు. ఆ రాతి మీద తప్ప. చనిపోయినవాని కుటుంబానికి ఊరు భూమి ఇచ్చేది. కన్నడంలో దానిని నెత్తరుగొడగె అన్నారు, మన వైపు రక్తమాన్యం అన్నారు. ఆవు అంటే పాలు, సేద్యం, ఎరువు, ఆస్తి అన్నీ అయినచోట మందను కాపాడినవాడు దేవుడు కావడంలో వింత లేదు. ఈరన్న అన్న పేరులో ఉన్నది ఆ వీరుడే. 'వ' ఒకటి ఊడిపోయింది, అంతే.

బెంగుళూరు దగ్గర బేగూరులో దొరికిన పెద్ద వీరగల్లును అక్కడి మ్యూజియంలో చూసినవారుంటారు. అయ్యపదేవుడనే రాజు వీరమహేంద్రునితో చేసిన యుద్ధంలో నాగత్తరుడు ఏనుగులతో పోరాడి చనిపోయిన సంగతి అందులో ఉంది. బెంగుళూరు అన్న పేరు కనిపించే తొలి శాసనం కూడా బేగూరుదే కావడంతో ఆ ఊరికి ఇప్పుడు గొప్ప గౌరవం. అక్కడి ఉత్సాహవంతులు తమ నగరం చుట్టూ ఉన్న శాసనాలను ఒక్కొక్కటే వెతికి, శుభ్రం చేసి, పక్కన పలకలు పెడుతున్నారు. ఆ అయ్యపదేవుడు ఎవరనుకున్నారు? నొళంబ రాజు. అతని రాజధాని మన అనంతపురం సీమలోని హేమావతి.

ఇక్కడ కొంచెం ఆగాలి.

నొళంబుల గురించి మీరు బడిలో చదువుకున్నారా? నేను చదువుకోలేదు. శాతవాహనులు, ఇక్ష్వాకులు, తూర్పు చాళుక్యులు, కాకతీయులు, రెడ్డిరాజులు, విజయనగరం — మా పాఠ్యపుస్తకంలో ఉన్న వరుస ఇది. కాకతీయులు లేచేదాకా మా ఊళ్ళలో మనుషులే లేనట్లుండేది. నిజానికి ఎనిమిదో శతాబ్దం నుంచి పదో శతాబ్దం చివరిదాకా ఈ పీఠభూమి నొళంబులది. తాము పల్లవ వంశీయులమని చెప్పుకొన్నారు. పశ్చిమాన చిత్రదుర్గం, దక్షిణాన ధర్మపురి వరకు వ్యాపించిన వారి రాజ్యానికి నొళంబవాడి 32000 అని పేరు. రాజధాని హెంజేరు, అంటే నేటి హేమావతి. సింహపోతుడు, పొలల్చోరుడు, మహేంద్రుడు, అయ్యపదేవుడు, దిలీపుడు — ఈ పేర్లలో ఎన్ని మనకు తెలుసు? తలకాడు గంగరాజు రెండవ మారసింహుడు వీరిని దెబ్బతీసి 'నొళంబకులాంతకుడు' అన్న బిరుదు పెట్టుకొన్నాడు. ఆ తర్వాత తంజావూరి రాజరాజ చోళుడు వచ్చి ఈ సీమను గెలిచి నిగరిలిచోళమండలమని పేరు మార్చాడు. ఆ వెనుక కల్యాణి చాళుక్యులు. హేమావతి స్తంభాలు కొన్నిటిని మద్రాసు మ్యూజియంకు తీసుకుపోయారు. నల్లటి రాతి మీద వెంట్రుకంత సన్నపు పని; చూసినవారు అంత సులభంగా మరచిపోరు. మిగిలినవి హేమావతిలోనే, సిద్ధేశ్వర, దొడ్డేశ్వరాలయాల దగ్గర ఉన్నాయి.

వీరు మన పుస్తకాల్లోకి ఎందుకు రాలేదంటే వీరి శాసనాలు ఎక్కువభాగం కన్నడంలో ఉన్నాయి గనుక. కన్నడ చరిత్రకారులు వీరిని బాగానే చదివారు. కాని వారికి రాజధాని పక్క రాష్ట్రంలో ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను విడగొట్టి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను మనకిచ్చి తక్కినవి మైసూరుకిచ్చారు. భాష లెక్క ప్రకారం అది న్యాయమే కావచ్చు. మనుషుల భాషను లెక్కపెట్టారు. రాళ్ళ భాషను లెక్కపెట్టడానికి ఎవరికీ తోచలేదు, తోచినా చేయగలిగింది లేదు. కంబదూరు నుంచి హేమావతికి పటం మీద సూటిగా గీత గీస్తే యాభై కిలోమీటర్లు ఉండదు. ఆ గీత మధ్యలో కర్ణాటకకు చెందిన పావగడ తాలూకా అడ్డం వస్తుంది. దాని చుట్టూ ఇంచుమించు మన నేలే. కంబదూరు సీమ మీద ఒకప్పుడు పెత్తనం చేసిన ఇరుంగోళుల కోట నిడుగల్లు ఆ పావగడ తాలూకాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక హేమావతి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది, కంబదూరు అనంతపురంలో మిగిలింది. ఒక రాజ్యపు ముక్కలు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో, అంతకు మించిన జిల్లాల్లో ఉన్నాయి. ఏ ముక్కకూ రెండో ముక్క సంగతి చెప్పేవారు లేరు.

కంబదూరు మల్లికార్జునాలయం దీనికి మంచి ఉదాహరణ. కంబమంటే స్తంభం, ఊరి పేరు విన్నప్పుడల్లా నాకు ముందుగా రాతి కంబాలే కళ్ళముందు నిలుస్తాయి. చాళుక్యుల కాలపు కట్టడం, పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటిది. శిఖరం మనకు అలవాటైన గోపురంలా ఉండదు. మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ పోయి పైకి చిన్నదైపోతుంది. కదంబ శైలి అంటారు. ఆ మెట్ల మధ్య తల ఎత్తి జాగ్రత్తగా చూడండి. పద్మాసనంలో కళ్ళు మూసుకొని కూర్చొన్న చిన్న చిన్న జిన బొమ్మలు కనిపిస్తాయి. లోపల పూజలందుకొనేది శివుడు, పైన ధ్యానంలో ఉన్నది తీర్థంకరులు. కంబదూరు ఒకప్పుడు జైనుల ఊరని, బసదులు తర్వాతి కాలంలో శివాలయాలయ్యాయని జైన చరిత్రను పరిశోధించినవారు వ్రాశారు. నేను వెళ్ళిన రోజున గుడిలో ఉన్న ఒక పెద్దాయనను ఆ బొమ్మలు ఎవరివని అడిగాను. "మునులు నాయనా, తపస్సు చేసుకుంటాండారు" అన్నాడు. తప్పు చెప్పాడని అనలేను. మతం పేరు మరచిపోయినా వారు చేస్తున్న పని మాత్రం ఆయనకు సరిగ్గానే కనిపించింది.

గుడి ముందు కేంద్ర పురావస్తు శాఖవారి నీలిరంగు పలక ఉంది. దేశంలో మీరెక్కడికి వెళ్ళినా ఇదే పలక, ఇదే వాచకం. ఇది జాతీయ ప్రాముఖ్యం గల కట్టడమని, 1958 నాటి చట్టం కింద రక్షితమని, దీనికి హాని చేసినవారికి శిక్ష తప్పదని. ఆ శిక్ష మొదట మూడు నెలల జైలు, ఐదు వేల రూపాయల జరిమానా దాకా ఉండేది. 2010లో చట్టం సవరించి రెండేళ్ళకు, లక్ష రూపాయలకు పెంచారు. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, పైన కళ్ళు మూసుకొన్నవారెవరు అన్నది ఆ వాచకంలో ఉండదు. ఊరివారికి అందే సమాచారమల్లా ఇది ప్రభుత్వానిదని, ముట్టుకుంటే జైలని. శిక్ష చెప్పి కథ చెప్పని పలక అది.

పాత శాసనాలు కూడా శిక్షలు చెప్పేవి, కాని కథంతా చెప్పాక చివర చెప్పేవి. ఎవరు, ఎప్పుడు, ఏ గ్రహణం నాడు, ఏ చెరువు కింద ఎంత భూమి, ఏ దేవుని దీపానికి ఇచ్చారో చెప్పి, హద్దులు చెప్పి, ఆ తర్వాతే ఈ ధర్మాన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున కపిల గోవులను చంపిన పాపాన పోతాడని, అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని హెచ్చరించేవారు. అరవై వేల ఏళ్ళ నుంచి రెండేళ్ళకు వచ్చాము. శిక్ష తగ్గిందని కాదు నా ఫిర్యాదు.

ఈ సీమలో శాసనాలు చదువుతుంటే నన్ను అన్నిటికన్నా నిలవేసింది ఒక పోకతోట. ఇరుంగోళుడు నిడుగల్లు నుంచి ఏలుతున్న రోజుల్లో, శక సంవత్సరం 1200లో, అంటే సామాన్య శకం 1278లో, అమరాపురంలో ఒక శాసనం వేయించారు. తైలంగెరెలోని బ్రహ్మ జినాలయంలో ఉన్న పార్శ్వదేవునికి మల్లిసెట్టి అనే ఆయన రెండు వేల పోకచెట్లు దానం చేశాడు. రెండు వేల పోకచెట్లు! పోకచెట్టు ఎంత నీరు తాగుతుందో తోటలున్నవారికి తెలుసు. వేసవిలో నేల ఆరనివ్వకూడదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా మాది, అదీ కురిసిన ఏడు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటమే సేద్యమనుకొని పెరిగాము. ఏటా బోర్లు ఇంకొంచెం లోతుకు పోతాయి. ఆ నేలలో ఒక సెట్టి రెండు వేల పోకచెట్లను దేవునికి వదిలేయగలిగాడంటే అక్కడ వానలు ఎక్కువ పడ్డాయని నేననుకోను. చెరువులుండేవి. వాటిని చూసుకొనే మనుషులుండేవారు.

ఆ మనుషుల ఏర్పాటు కూడా రాళ్ళ మీదే ఉంది. చెరువు కట్టించినవానికి, తెగితే పూడ్చినవానికి ఆయకట్టులో వచ్చే దానిలో ఒక వంతు ఇచ్చే పద్ధతిని మన వైపు దశబంధం అన్నారు. కన్నడంలో కెఱెగొడగె. తూము తెరిచి మూసే నీరుగంటికి మాన్యం వేరు. ఈ దశబంధ ఇనాములు ఇంగ్లీషువారి కాలంలో కూడా కడప, బళ్ళారి, అనంతపురం లెక్కల్లో నడిచాయి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గరున్న 1369 నాటి శాసనంలో చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు చెప్పి, రెండేళ్ళ పాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని లెక్క కూడా చెప్పారు. ఇంజనీరింగు పాఠ్యపుస్తకాన్ని చెరువు గట్టునే నిలబెట్టారన్నమాట. ఎవరికి అవసరమో వారి దారిలో. ఇంతకన్నా మంచి రహదారి ఫలకం నేను ఏ దేశంలోనూ చూడలేదు.

రాయి లేకున్నా పేరు నిలిచిన చోట్లు కూడా ఉన్నాయి. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ముసలమ్మ అనే కోడలు గండిలో నిలిచి ప్రాణం ఇచ్చిందని కథ. సి. పి. బ్రౌను 1853లో ఇంగ్లీషులో అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో ఇది ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి గారి 'ముసలమ్మ మరణం' కావ్యానికి మూలం అదే. కావ్యం చదవనివారు కూడా ఆ గట్టును ముసలమ్మ కట్ట అనే అంటారు. ఇంకో వింత: 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారికి దత్తం చేశాక మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పేరును మనవాళ్ళు పిల్లలకు పెట్టుకొన్నారు, మన్రోలప్ప అని. ఆయన 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో పూడ్చారు, తర్వాత ఎముకలు మద్రాసుకు పోయాయి. మద్రాసులో గుర్రం మీద విగ్రహం ఉంది, అందరూ చూస్తారు. మన్రోలప్పలు నాకెక్కువ నచ్చారు.

పేరు నిలిచి చదువు పోవడం అంటే ఏమిటో తెలియాలంటే కంబదూరుకు వాయవ్యంగా, పటం మీద సూటిగా డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రహ్మగిరికి పోవాలి. చిత్రదుర్గం జిల్లా మొళకాల్మూరు తాలూకా. అక్కడి బండను ఊరివారు 'అక్షరగుండు' అనేవారు. దాని మీదున్నవి అక్షరాలని తెలుసు. ఏం అక్షరాలో తెలియదు. దానికి రోగాలు నయంచేసే మహిమ ఉందని నమ్మేవారు. 1892లో బి. ఎల్. రైస్ అనే ఆయన వచ్చి చూసి, అది అశోకుని శాసనమని గుర్తించాడు. బ్రాహ్మీలిపిని 1837లో ప్రిన్సెప్ చదివి ఉండకపోతే రైసుకు కూడా అది అక్షరగుండే. ఆ శాసనం చివర చెక్కినవాడు తన పేరు చపడుడని చెప్పుకొన్నాడు. 'లిపికారుడు' అన్న మాటను మాత్రం ఖరోష్ఠీలో, కుడి నుంచి ఎడమకు చెక్కాడు. ఖరోష్ఠీ వాయవ్య సరిహద్దు లిపి. ఈ దక్కను బండల మధ్య దానిని చదవగలిగినవాడు ఆనాడు తాను తప్ప ఇంకొకడుండేవాడో లేదో. అయినా చెక్కాడు. చదివేవాడు రావడానికి రెండు వేల ఏళ్ళ పైన పట్టింది.

గుత్తి-పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర కూడా అశోకుని శాసనాలున్నాయి. అక్కడ కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, అరక దున్నినట్లు పోతాయి. వాటిని కనుగొన్నది భూగర్భ శాస్త్రజ్ఞుడు అను ఘోష్. 1915లో మస్కి శాసనాన్ని కనుగొన్నది బంగారు గనుల ఇంజనీరు బీడన్. మన నేలలో బంగారం వెతికేవారికి అక్షరాలు దొరుకుతాయి.

రైస్ వంటివారు, ఆయన తర్వాత శాసన శాఖవారు తిరిగిన దారులు తలచుకొంటే ఆశ్చర్యమే. ఊరూరా తిరిగి, రాతిని కడిగి, తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి కొట్టి అక్షరాల గుంటల్లోకి కాగితాన్ని దించి, మీద సిరా అద్దితే అక్షరాలు తెల్లగా, తక్కినదంతా నల్లగా వస్తుంది. ఆ కాగితాన్ని మడిచి పంపేవారు. మద్రాసు రాజధానిలోని కన్నడ శాసనాలంటూ 1939లో వెలువడిన సంపుటంలో అనంతపురం, బళ్ళారి ఊళ్ళ పేర్లు చూస్తుంటే మన బస్సు బోర్డు చదువుతున్నట్లే ఉంటుంది. శాసన శాఖ ప్రధాన కార్యాలయం ఇప్పుడు మైసూరులో ఉంది. రాయి పోయినా కాగితం ఉంటే శాసనం బతికినట్లే. కాని వారు వెదికినవి అక్షరాలున్న రాళ్ళు. సున్నం దట్టంగా పూసిన రాతి మీద అక్షరాలున్నాయని ఎవరికి తెలుస్తుంది? నా మలుపులోని ఈరన్నకు కాగితం పరిచారో లేదో చెప్పగల సాధనం నా దగ్గర లేదు. అతని పేరు కూడా నాకు తెలియదు గనుక సూచికలో వెదకడానికీ లేదు.

సున్నాన్ని తిట్టుకొంటూనే కొన్నాళ్ళు తిరిగాను. తర్వాత నా అభిప్రాయం మారింది. కల్యాణదుర్గం వైపు తిరుగుతుండగా ఒక ఊరిబయట చింతచెట్టు కింద ఇంకొక రాయి కనిపించింది. నా చిన్ననాటి రాతికి తమ్ముడిలా ఉంది. అదే వంపు, అదే సున్నం. దాని చుట్టూ ఉన్న చప్టా కొత్తది. పక్కనే రెండు రాళ్ళు విరిగి పడి ఉన్నాయి; వాటికి సున్నం లేదు, బొట్టు లేదు. ఒకదాని మీద బట్టలుతికిన గుర్తులు, రెండోదాన్ని ఎవరో సగానికి పగలగొట్టి తీసుకుపోయారు. అప్పుడు తట్టింది. మా వైపు నిలబడి ఉన్న రాళ్ళన్నీ సున్నం పూసినవే. సున్నం లేనివి మెట్లయ్యాయి, గట్లయ్యాయి, మోరీల కింద చేరాయి. అక్షరాలను కప్పినదీ రాతిని కాపాడినదీ ఒకటే చెయ్యి. నా మలుపు రాతికి ఆ చెయ్యి ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. మా అవ్వ పోయాక ఆ చెట్టు కింద పిల్లల తొడ చరిచేవారు లేకపోయారేమో.

దగ్గరకు పోయి గోటితో కొంచెం గీకి చూశాను. వేలికి గీతలు తగిలాయి. అడ్డంగా, వరుసగా ఉన్నాయి. ఉలి దెబ్బలో, అక్షరాలో. ఇంతలో వెనుక నుంచి "ఏంది నాయనా, ఆయప్పను గీకుతాండావు?" అని గొంతు వినిపించింది. చేతిలో నూనె గిన్నెతో ఒక అవ్వ.

తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా లేచి నిలబడ్డాను. సున్నం కింద అక్షరాలున్నాయేమో చూస్తున్నానని, సున్నం కొంచెం తీస్తే చదవవచ్చని చెప్పాను.

"తీస్తే ఊరికి మంచిది గాదు" అంది. ప్రమిదలో నూనె పోసి, ఒత్తి సరిచేసి, వెలిగించింది. నేను కదలకుండా అక్కడే నిలబడటం చూసి ఆమెకు జాలి కలిగిందేమో. "శివరాత్రికి ముందునాడు పాత సున్నమంతా కడిగేస్తాము. మద్యాన్నం దాకా ఆరనిచ్చి కొత్తది కొడతారు. ఆ లోపల వస్తే సూసుకో" అంది.

ఆ నెల, తిథి నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. హళగన్నడం చదవగల మిత్రుడొకరు పావగడలో ఉన్నారు, ఆయన వస్తానన్నారు. తడి కాగితం, కుంచె సంగతి కూడా ఆయనే చూసుకొంటారు. బయలుదేరుతుంటే ఆ అవ్వ మళ్ళీ పిలిచింది.

"ఆడ పేరేమన్నా రాసుంటే ముందు నాకు సెప్పు నాయనా. పెండ్లయి వచ్చినప్పటి నుంచి దీపం పెడతాండాను, పేరు తెలీకుండానే."